తప్పా, దెబ్బా?

మార్చి 4, మంగళవారం

ఓనరు పొద్దున్నే దిగబడ్డాడు. ఎప్పట్లా చిల్లర సంచులు ఎత్తుకుని వెళ్ళిపోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని బట్టలుతికే మెషిన్ల వరస ముందు కాసేపు అటూ ఇటూ నడిచాడు.

"అన్నీ మార్చేస్తున్నాం. ఇక నాణేలు వేసే గొడవ ఉండదు. కార్డు గీకితే చాలు, మెషిన్ తిరుగుతుంది."

ఎప్పటినుంచి అని అడిగితే వచ్చే నెల నుంచి అన్నాడు.

"మరి నా సంగతి?"

"నువ్వెక్కడికి పోతావమ్మా? కార్డు గీకడం రానివాళ్ళకి ఎవరు చెప్తారు? నురగ పొంగి గచ్చు మీదికొస్తే ఎవరు తుడుస్తారు?"

కాబట్టి ఉద్యోగానికి ఢోకా లేదు. సంచులు మోసే పని తప్పుతుంది, నడుము నొప్పి తగ్గుతుంది. మంచిదే. ఇంటికొచ్చి అక్కతో కూడా మంచిదే అన్నాను.

"మంచిదైతే ముఖం అలా పెట్టావేం?" అంది.

మార్చి 6, గురువారం

ఆయన వచ్చారు.

గురువారం గురువారం రెండు చొక్కాలు తెస్తారు. అవేమంత మాసి ఉండవు. కిటికీ పక్క మెషిన్ ఖాళీ లేకపోతే ఖాళీ అయ్యేదాకా కూర్చుంటారు గానీ వేరేదానిలో వేయరు. చొక్కాలు తిరుగుతుండగా నాకొక నోటు ఇచ్చి, దానికి సరిపడా చిల్లర తీసుకుని, బట్టలు మడతపెట్టే బల్ల మీద తువ్వాలు పరిచి పోసుకుంటారు. మెడలో దారానికి కట్టిన భూతద్దం తీసి ఒక్కో నాణెం తిప్పి చూస్తారు. అయిపోయాక ఆ చిల్లరంతా నాకే ఇచ్చి నోటు తీసుకుంటారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన టంకశాలలోనే ఉన్నారు. అచ్చు కొట్టిన నాణేల్ని పరీక్ష చేసే గదిలో. "జీవితమంతా తప్పులు ఏరి పారేశానండీ. ఇప్పుడు నా చేతుల్లోంచి తప్పించుకు పోయినవాటి కోసం వెతుక్కుంటున్నాను" అంటారు. నవ్వుతూనే అంటారు. మెషిన్ల డబ్బాల్లో నాకూ అప్పుడప్పుడు అలాంటిది ఒకటి దొరుకుతుంది, పిలిచి చూపిస్తాను.

ఈ రోజు ఒక చిన్న నాణెం నా ముందు పెట్టారు. అంకె దగ్గర మొదలై అంచుదాకా వెళ్ళిన సన్నటి గీత.

"గోరుతో తడిమి చెప్పండి. గుంటగా ఉందా, గట్టుగా ఉందా?"

"గట్టుగా ఉంది."

"అయితే అచ్చు చీలింది. ఆ చీలికలోకి లోహం దూరి ఇలా లేచి నిలబడింది. ఇది తప్పు. బయట దేనికో గీసుకుంటే గుంట పడేది. అది దెబ్బ."

ఆయన లెక్కలో నాణేలకు ఆ రెండే. టంకశాల గడప దాటకముందు జరిగింది తప్పు. దాటాక జరిగింది దెబ్బ. తప్పుకు విలువ ఉంది, దెబ్బకు లేదు. సంగతి తెలిసి జనం వంకర పోయినవీ, చిల్లు పెట్టినవీ, నల్లగా మాడినవీ తెచ్చి "ఇది దొరకని రకమాండీ?" అని ఆశగా అడుగుతుంటారు. ఆయన ఎవరినీ చిన్నబుచ్చరు. నాణేన్ని అంచుల మీద పట్టుకుని చూసి, "పాపం, దెబ్బ తింది" అంటారు.

కార్డుల సంగతి చెబుదామనుకున్నాను. ఈలోపు డ్రయర్ మోగింది.

మార్చి 7, శుక్రవారం

చెప్పాల్సింది.

మార్చి 11, మంగళవారం

దొరికింది!

మెషిన్ల డబ్బాలు ఖాళీ చేస్తుంటే, కిటికీ పక్కదానిలో ఒక పెద్ద నాణెం. ఒక పక్క అంచుని ఎవరో పంటితో కొరికినట్టు వంపుగా కోత. దొంగ పనేమో అనుకున్నాను ముందు. కత్తెర మెషిన్‌తో కోసి అసలుదని అమ్మేవాళ్ళుంటారని ఆయనే చెప్పారు.

అప్పుడు ఆయన నేర్పిన పరీక్ష గుర్తొచ్చింది. లోహపు రేకులోంచి బిళ్ళలు కొట్టేటప్పుడు రేకు సరిగ్గా జరక్కపోతే, తర్వాతి పోటు అంతకుముందు కొట్టిన చిల్లు మీద పడి, బిళ్ళ కొరికినట్టు వస్తుంది. తర్వాత ఆ బిళ్ళని రెండు వైపులా నొక్కుతూ దొర్లించి అంచు లేపుతారు. కోత ఉన్నచోట నొక్కడానికి ఏమీ ఉండదు. అందుకని దానికి సరిగ్గా ఎదురుగా కూడా అంచు లేవదు, నీరసంగా ఉండిపోతుంది. బయట కోసినవాడికి ఈ ఎదురు అంచు సంగతి పట్టదు.

ట్యూబులైటు కిందికి తీసుకెళ్ళి నా అద్దంతో చూశాను. ఆ మధ్య ఒక భూతద్దం కొన్నాను. సబ్బు పొడి పొట్లాల మీద చిన్న అక్షరాలు చదవడానికి.

ఎదురు అంచు నీరసంగానే ఉంది. కోత పక్కనున్న అక్షరాలు కూడా దానివైపు సాగినట్టున్నాయి. తప్పే. అసలైన తప్పు.

తుడవలేదు, రుద్దలేదు. మెత్తటి గుడ్డలో పెట్టాను. ఎల్లుండి గురువారం.

మార్చి 13, గురువారం

రాలేదు. వాన.

మార్చి 14, శుక్రవారం

వాన అంత పెద్దదేం కాదు.

మార్చి 20, గురువారం

రాలేదు.

నీలం రంగు బట్టలు వేసుకున్నానని అక్క వింతగా చూసింది. మిగతావి ఉతకాలి అన్నాను. "లాండ్రీలో పనిచేసేదానికి ఉతికిన బట్టలు లేవా!" అని ఒకటే నవ్వు. అక్క ఇంట్లోనే కూర్చుని కర్టెన్లు కుడుతుంది. బయటి సంగతులన్నీ నా ముఖంలోంచి చదువుకుంటుంది. ఆయనకు భూతద్దం అని పేరు పెట్టింది కూడా అక్కే.

"భూతద్దం రాలేదా ఏంటి?"

"రాలేదు. నాణెం చూపిద్దామనుకున్నాను."

"ఆఁ, నాణెం."

మార్చి 22, శనివారం

ఒకావిడ పెద్ద దుప్పటి తెచ్చి కిటికీ పక్క మెషిన్‌లో వేయబోయింది. అది చెడిపోయింది, పక్కది వాడుకోండి అన్నాను.

మెషిన్‌కేమీ కాలేదు.

మార్చి 27, గురువారం

రాలేదు.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూసి చూసి సాయంత్రానికి మెడ పట్టేసింది. మూసే ముందు ఆయన కూర్చునే బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. అక్కడి నుంచి నా కౌంటరు మొత్తం కనిపిస్తుంది. ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆయన ఇల్లెక్కడో తెలియదు. ఫోను నంబరు లేదు. చొక్కాల తెల్ల గుండీలు నల్లదారంతో కుట్టి ఉంటాయి. దాన్ని బట్టి ఇంట్లో ఇంకెవరూ లేరనుకుంటాను. ఇన్నాళ్ళకు నాకు తెలిసింది అంతే, నల్లదారం. మావారు పోయిన తర్వాత ఒక మనిషి రాక కోసం వారం రోజులు లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు తప్పిపోయింది.

చూపించాల్సింది ఉంది కాబట్టి ఎదురుచూస్తున్నాను. నాణెం లేకపోతే ఇదంతా ఉండేది కాదు.

మార్చి 31, సోమవారం

మెకానిక్ వచ్చి నాణేల డబ్బాలన్నీ ఊడదీశాడు. పెద్ద డ్రయర్ డ్రమ్ము వెనక ఇరుక్కున్న ఒక నాణేన్ని స్క్రూడ్రైవర్‌తో లాగి నా చేతిలో పెట్టాడు.

"ఇదేదో వింతగా ఉంది మేడం, దాచుకోండి. అమ్మితే బోలెడు వస్తుందేమో!"

మామూలు నాణెం కన్నా చిన్నదైపోయింది. అంచు లావుగా లోపలికి ముడుచుకుని అక్షరాల్ని సగం మింగేసింది. ఎవరి జేబులోంచో జారి, ఆ వేడిలో తిరిగి తిరిగి, గోడలకు కొట్టుకుని కొట్టుకుని అలా అయింది. టంకశాలలో ఇలా ముడుచుకునే దారి ఏదీ లేదు. చూడగానే చెప్పగలిగాను, దెబ్బ అని. అద్దం కూడా అక్కర్లేకపోయింది.

"ఇందులో ఏమీ లేదు బాబూ, దెబ్బ తింది" అన్నాను. ఓహో అని తన పనిలో పడ్డాడు.

సరిగ్గా చెప్పావని అనడానికి ఎవరూ లేరు.

ఏప్రిల్ 1, మంగళవారం

కార్డులు మొదలయ్యాయి. షాపులో గలగలమనే శబ్దమే లేదు. ఇంతకాలం ఆ శబ్దం నాకు వినిపించేదే కాదు.

ఏప్రిల్ 3, గురువారం

రాలేదు. కార్డుల సంగతి ఎవరైనా చెప్పి ఉంటారు. నాణేలు లేని చోటికి ఆయన ఎందుకు వస్తారు?

భోజనాల దగ్గర అక్క కంచం పక్కకు జరిపి కూర్చుంది. అలా కూర్చుంటే ఏదో అనబోతోందని అర్థం.

"రోజూ నాణేలకి తప్పా, దెబ్బా అని చెప్తుంటావు కదా. మరి నీకొచ్చినదేమిటే?"

"నాకేం వచ్చింది? బాగానే ఉన్నాను."

"కనిపిస్తూనే ఉంది. చూడు, నాణేల పిచ్చివాళ్ళంతా ఎక్కడో ఒకచోట చేరతారు. బజారులో నాణేల కొట్టు ఉందిగా. వెళ్ళి అడుగు, ఆ మనిషి ఏమైపోయాడో."

"ఊరికే వెళ్ళి అడిగితే ఏమనుకుంటారు?"

"నాణెం ఉందిగా."

అవును. నాణెం అసలుదో కాదో తెలుసుకోవడానికి వెళ్ళొచ్చు.

ఏప్రిల్ 5, శనివారం

వెళ్ళాను.

ఇరుకు కొట్టు. ముక్కు మీద కళ్ళజోడుతో కొట్టు యజమాని ఒక్కడే ఉన్నాడు. నాణేన్ని గుడ్డలోంచి తీసి బల్ల మీద పెట్టాను. అద్దం తీయనేలేదు అతను. ఒకసారి చూసి, వేలితో తిప్పి, నా వంక చూశాడు.

"ఇది మీకెక్కడిదండీ?"

ఆ గొంతుకి దొంగతనం చేసినట్టు అనిపించింది. "లాండ్రీలో. మెషిన్ డబ్బాలో దొరికింది."

"మెషిన్‌లోనే వేశాడా మహానుభావుడు!" అని తల పట్టుకున్నాడు. "ఇది నా కొట్లోదేనమ్మా. ఈ మచ్చ చూడండి, ఇది చూసే గుర్తుపట్టాను. ఫిబ్రవరిలో టంకశాల ఆయన పట్టుకెళ్ళాడు. చిన్న డబ్బీలో పెట్టిస్తానంటే వద్దని జేబులో వేసుకున్నాడు. గీతలు పడతాయి సార్ అంటే, ఎక్కువసేపు ఉండదులే, వాషింగ్ మెషిన్‌లో వేస్తాను అన్నాడు. పరాచికాలాడుతున్నాడనుకున్నాను."

వంగి ఆ మచ్చ వైపు చూశాను.

"ఇంతకు ముందూ అంతే. మంచివి ఏరి పట్టుకెళ్తాడు. ఏం చేస్తున్నారు సార్ అంటే, మళ్ళీ చిల్లరలో కలిపేస్తున్నాను అంటాడు. నేను నమ్మలేదు."

ఆయన ఇప్పుడెక్కడున్నారని అడిగాను.

"మీకు తెలీదా? కంటి వెనక పొర ఊడిందట. మార్చిలో ఆపరేషన్ చేశారు, అతుక్కోలేదు. మళ్ళీ ఇప్పుడు రెండోది చేశారు. చెల్లెలి ఇంట్లో ఉన్నాడు. మొన్న నేనే వెళ్ళి చూసొచ్చాను."

కాగితం మీద దారి గీసిచ్చాడు. ఊరికి అటు చివర. రెండు బస్సులు మారాలి.

నాణేన్ని మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నాను. "అసలుదేగా?" అని అడిగాను, వచ్చిన పని అదే కాబట్టి.

"నిక్షేపంలాంటిది" అన్నాడు.

అదే రోజు

నాకు ఇంతవరకు దొరికినవాటిలో కొన్ని నిజంగానే దొరికి ఉండాలి. అన్నీ ఆయన వేసినవే అయి ఉండవు. ఏవి ఏవో నాకు తెలియదు.

ఏప్రిల్ 6, ఆదివారం

రెండో అంతస్తు. తలుపు తీసినావిడకు ఆయన ముక్కే ఉంది. చెల్లెలని అడక్కుండానే తెలిసిపోయింది.

"ఎవరు కావాలండీ?"

"లాండ్రీ నుంచి వచ్చాను" అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

"మేం బట్టలేమీ వేయలేదే..." అంటూ ఆగిపోయింది. తర్వాత ముఖమంతా నవ్వయింది. "ఓహో, ఆ లాండ్రీనా! రండి రండి. ఇంట్లో వాషింగ్ మెషిన్ పెట్టుకుని బస్సెక్కి అక్కడిదాకా ఎందుకన్నయ్యా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఆ మెషిన్ నేను కొనిచ్చిందే. కవరు కూడా విప్పలేదు!"

ముందు గదిలో ఆయన బల్ల మీద దిండు పెట్టుకుని, నుదురు దానికి ఆనించి ముందుకు వంగి కూర్చుని ఉన్నారు. కంట్లో గాలి బుడగ నింపారట. తలెత్తితే అది పక్కకు పోతుంది, పొర అతుక్కోదు. అందుకని పడుకున్నా, కూర్చున్నా, తిన్నా ముఖం నేల వైపే ఉండాలి. వీపు చిక్కిపోయింది. చొక్కాకి వెనక ఇస్త్రీ లేదు.

"ఎవరమ్మా వచ్చింది?"

"నేనండీ" అన్నాను.

వీపు కదలకుండా ఆగిపోయింది.

"లాండ్రీ గారా?"

"ఆఁ."

"ఈ రోజు గురువారం కాదుగా!"

"కాదు. ఆదివారం."

"తలెత్తకూడదన్నారు. అమర్యాద అనుకోకండి."

చెల్లెలు కుర్చీ వేసింది. కుర్చీలో కూర్చుంటే నాకు ఆయన మెడ, ఆయనకు నా పాదాలు తప్ప ఏమీ కనిపించవు. అలా మాట్లాడటం నా వల్ల కాలేదు. దిగి కింద కూర్చున్నాను, బల్ల కాలికి ఆనుకుని. తల పైకెత్తాను. ఒక కంటికి మూత ఉంది. రెండో కన్ను నన్ను చూసింది. చెల్లెలు టీ పెడతానంటూ లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

"ఒకటి దొరికింది" అని చెయ్యి పైకి చాపి నాణెం ఇచ్చాను.

అంచుల మీద పట్టుకుని గోరుతో చుట్టూ తడిమారు. కోత దగ్గర ఆగారు. అక్కడినుంచి ఎదురుగా వెళ్ళి మళ్ళీ ఆగారు.

"మీరేమంటారు?"

"తప్పే. ఎదురు అంచు లేవలేదు. పక్క అక్షరాలు సాగాయి."

"శభాష్. ఎక్కడ దొరికింది?"

"కిటికీ పక్క మెషిన్‌లో."

"మీరు అదృష్టవంతులు."

"కొట్టు ఆయన దీన్ని గుర్తుపట్టారండీ."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కింద కూర్చున్నాను కాబట్టి దాచుకోవడానికి వీల్లేకపోయింది.

"వాడి నోట్లో నువ్వు గింజ నానదు" అన్నారు.

"ఎందుకు వేశారు?"

నాణేన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉన్నారు.

"మామూలు రోజుల్లో మీరు నన్ను 'సబ్బు పొడి కావాలా అండీ' అని అడుగుతారు. అందరినీ అలాగే అడుగుతారు. ఏదైనా నాణెం దొరికితే మాత్రం 'ఏమండీ, ఓసారి ఇటు రండి' అని పిలుస్తారు. అలా పిలుస్తారని వేసేవాణ్ణి."

బల్ల కాలు పట్టుకుని ఉన్నాను.

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మెషిన్లన్నీ కార్డుకి మారిపోయాయండీ. ఇక నాణేలు రావు" అన్నాను.

"తెలుసు. మీ ఓనరు జనవరిలోనే చెప్పాడు."

"మరి నాతో అనలేదేం?"

"మీరు నాతో అన్నారా?"

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వితే కన్ను అదురుతుందని లోపల్నుంచి చెల్లెలు కేకలేసింది.

ఆ కన్ను ఎంతవరకు వస్తుందో డాక్టర్లు చెప్పలేకపోతున్నారట. వెలుతురు తెలియొచ్చు, అక్షరాలు కనిపించకపోవచ్చు. ఆయన భూతద్దం పెట్టి చూసేది ఆ కంటితోనే. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. చేతిలో నాణెం మాత్రం తిరగడం ఆగింది.

ఏప్రిల్ 7, సోమవారం

"నాణెం చూపించావా?" అని అడిగింది అక్క.

"చూపించాను."

"ఏమన్నాడు?"

"అసలుదేనన్నారు."

అక్క నా కంచంలో ఇంకొంచెం వడ్డించింది.

ఏప్రిల్ 10, గురువారం

షాపు మూశాక వెళ్ళాను. టీ కొట్టువాడి దగ్గర చిల్లర మార్చుకుని తీసుకెళ్ళాను. కింద కూర్చుని ఒక్కోటీ చూసి చెప్పాను. అక్షరాల పక్కన నీడలా రెండో అక్షరం ఉన్నది ఒకటి వచ్చింది.

"నీడ బల్లపరుపుగా ఉందా, గుండ్రంగా ఉందా?" అని అడిగారు.

"బల్లపరుపుగా ఉంది, మెట్టులాగా."

"అయితే అచ్చు కొట్టాక కదిలింది. అంత విలువ లేదు. పక్కన పెట్టండి."

పక్కన పెట్టాను. మిగతావన్నీ మామూలువే. మామూలువాటిని కూడా ఎలా ఉన్నాయో చెప్పమన్నారు. చెప్పాను. ఆఖరి బస్సు తప్పిపోతుందేమోనని చెల్లెలు నా చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈ రోజు వెళ్ళలేదు. ప్రతిసారీ వెళితే ఏమనుకుంటారో.

చెల్లెలు ఆయన్ని ఇక తన దగ్గరే ఉండిపొమ్మంటోంది. ఒక కంటితో ఒక్కడివీ ఎలా ఉంటావని. పాత ఇల్లు ఖాళీ చేసేస్తారట. మా షాపున్న వీధికి ఆయన ఇక రారు. చెల్లెలు అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు.

రెండు బస్సులు. మొదటిది తొందరగానే వస్తుంది. రెండోదానికి కాస్త ఆగాలి. అంతేగా.

ఏప్రిల్ 14, సోమవారం

నిన్న వెళ్ళాల్సింది.

ఏప్రిల్ 17, గురువారం

ఆయన చొక్కాలు రెండు పోయిన గురువారం పట్టుకొచ్చాను. కిటికీ పక్క మెషిన్‌లో వేసి, నల్లదారం తీసేసి తెల్లదారంతో గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళాను. దారం కోసం అక్కనే అడగాల్సి వచ్చింది. ఏ రంగని కూడా అడగకుండా తెల్లదారం ఉండ తీసిచ్చింది.

చెల్లెలు గుమ్మంలోనే నన్ను ఆపి చెవిలో చెప్పింది. నిన్న డాక్టరు చూసి పొర అతుక్కుందన్నాడట. చూపు ఎంత వస్తుందో ఇంకా తెలియదు గానీ ఇక తలెత్తి తిరగొచ్చన్నాడట. పొద్దున్నుంచీ ఇల్లంతా తిరిగి, కిటికీలోంచి వీధి చూసి, పేపరు కూడా పట్టుకున్నారట.

గుండె తేలికైంది. ఆ వెంటనే ఇంకోలా కూడా అయింది. ఇకనుంచి కుర్చీలో కూర్చుని, అందరిలా మాట్లాడుకోవాలి.

లోపలికి వెళ్ళాను. ఆయన బల్ల మీద దిండు పెట్టుకుని, నుదురు ఆనించి, ముఖం నేల వైపు పెట్టి కూర్చుని ఉన్నారు.

చొక్కాలు కుర్చీ మీద పెట్టి కింద కూర్చున్నాను.